తాగినోళ్లకే లివర్ చెడుతుందనే మాట పోవాల

సంపాదకుడు గారికి నమస్కారం,

మా నాయనకి కడుపు స్కాన్ తీస్తే గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్, అంటే లివర్లో కొవ్వు చేరిందని వచ్చింది. ఆయన జన్మలో మందు ముట్టలా. అయినా స్కాన్ తీసిన చోట పదిమంది ముందర "పెద్దాయనా, ఎన్నేళ్ల నుంచి ఉండాది అలవాటు" అని అడిగినారు, ఆయన ఇంటికొచ్చి ఆ రిపోర్టు కవరుని బీరువాలో చీరల కింద పెట్టేసి, గాంధీరోడ్డులో టీ కొట్టుకి పోయేదే మానేసినాడు.

మా తమ్ముడి కూతురు జువాలజీ చదవతా ఉంది, "తాతా, నీకొక చేపపిల్లని చూపిస్తా రా" అని పక్కన కూర్చోబెట్టుకుని లాప్‌టాప్ తెరిచింది. జీబ్రా చేప అంట, గంగ పక్క కాలవల్లో తిరిగే చిన్న చేప, పిల్ల గాజు మాదిరి ఉంటుంది, కోయకుండానే లోపల లివర్ కనపడుతుంది. 2005లో కిర్‌స్టెన్ శాడ్లర్ అనే ఆమె, ఇంకొందరు కలిసి అమెరికాలో జీన్ చెడిన చేపపిల్లల్ని వెతికితే ఒక రకంలో ఐదో రోజుకే లివర్ ఉబ్బిపోయి ఉంది, కొవ్వుకి పట్టే ఎర్రరంగు వేస్తే లివర్ నిండా చుక్కలే. ఐదో రోజంటే అది మేత కూడా మేసి ఉండదు సార్, గుడ్డు సొన మీదే బతికి ఉంటుంది! కొవ్వు పట్టించిన బాతు లివరుతో ఫ్రెంచోళ్లు చేసే ఫ్వాగ్రా పేరే దానికి పెట్టినారు.

ఆ చేపపిల్లలో చెడిన జీన్ పేరు ట్రాప్‌సీ11. కణంలో ప్రోటీన్లు తయారయ్యే చోటి నుంచి ప్యాకింగ్ అయ్యే చోటికి సరుకు పోవాలంటే అది ఉండాల, లేకపోతే సరుకు కదలక పేరుకుపోతుంది, ఆ ఒత్తిడికి లివర్ కణంలో కొవ్వు చేరుతుంది. మనుషుల్లో ఈ జీన్ చెడేది చానా అరుదు, వాళ్లలో కండరాల జబ్బుతో పాటు కొందరికి లివర్లో కొవ్వు కూడా ఉంటుంది. ఫ్యాటీ లివర్ వచ్చినోళ్లలో చానామందికి ఉండేది వేరే జీన్ తేడా, పీఎన్‌పీఎల్ఏ3 అని 2008లో బయటపడింది.

మా నాయనకి జీన్ చెడిందని నేను చెప్పడం లా, షుగరుంది, మూడుపూటలా అన్నమే తింటాడు. మందు లివర్ని పాడుచేయదనీ అనడం లా. కానీ తాగుడు ఒక్కటే కారణం అన్నట్టు అడిగేసరికి పెద్దోళ్లు, ముఖ్యంగా ఆడోళ్లు, రిపోర్టు దాచేసి వైద్యానికే పోవడం లేదు.

2021లోనే కేంద్రం ఫ్యాటీ లివర్ని షుగరు, బీపీల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి మన జిల్లాలో షుగర్ క్యాంపు పెట్టినప్పుడు లివర్ కూడా చూడాల, తాగుడు సంగతి అడగాల్సి వస్తే పక్కకి పిలిచి అడగాల, గోడ మీద తెలుగులో ఒక బోర్డు పెట్టాల, తాగనోళ్లకి కూడా వస్తుందని. అధికారులు చదివేటట్టు ఈ మాట మీ పేపర్లో వేయండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి