విశాఖలో మూగజీవాలకూ ఒక కేజీహెచ్ కావాలి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ, పశుసంవర్ధక శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

నమస్కారం.

విశాఖపట్నంలో కుక్కలు, పిల్లుల కోసం ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఒక ప్రభుత్వ ఆసుపత్రి కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్, రెండు మూడు రోజులు ఉంచుకుని సెలైన్ ఎక్కించే ఏర్పాటు అన్నీ ఒకే చోట ఉండాలి. దేనికి ఎంత తీసుకుంటారో గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి ఉండాలి. ఉచితంగా చెయ్యమని అడగడం లేదు. మాలాంటి వాళ్లు కట్టగలిగిన ఫీజు పెట్టండి, కడతాం.

మీరు శ్రీకాకుళం జిల్లావారు. ఉత్తరాంధ్ర మనిషికి కేజీహెచ్, అంటే విశాఖలోని ప్రభుత్వ కింగ్ జార్జ్ హాస్పిటల్, అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. వందేళ్లు దాటిన ఆ ఆసుపత్రికి ఇచ్ఛాపురం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. ఊళ్లో డాక్టరు చేతులెత్తేసినప్పుడు, చేతిలో డబ్బు అయిపోయినప్పుడు, "ఇంక కేజీహెచ్‌కి తీసుకుపోండి" అనే మాట ఒకటి మిగులుతుంది. ఇంట్లో పెంచుకున్న జంతువుకు జబ్బు చేస్తే చెప్పుకోవడానికి అలాంటి మాట ఒక్కటి కూడా లేదు. డబ్బుంటే ప్రైవేటు క్లినిక్, లేకపోతే దేవుడు.

కుక్కను పెంచుకోవడం డబ్బున్నవాళ్ల సరదా అని చాలామంది అనుకుంటారు. ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో వేలు పోసి కొన్న జాతి కుక్కలు ఉన్న మాట నిజమే. కానీ కంచరపాలెం సందుల్లోకి, జ్ఞానాపురంలోకి, ఆరిలోవ కొండవాలు ఇళ్ల దగ్గరికి వెళ్లి చూడండి. వానలో తడుస్తుంటే తెచ్చి పెట్టుకున్న వీధి కుక్కపిల్ల ఒక ఇంట్లో ఉంటుంది. పిల్లలు విదేశాలకు వెళ్లిపోయాక ఒంటరిగా మిగిలిన పెద్దావిడకు ఒక పిల్లి తోడుంటుంది. జాలారిపేటలో చేపల బుట్ట పక్కన పడుకునే కుక్కకు కూడా ఒక పేరుంటుంది, దానికోసం అన్నం పక్కన పెట్టే మనిషి ఉంటుంది. వీళ్లెవరూ సరదా కోసం ఖర్చు చేసేవాళ్లు కారు. జబ్బు వచ్చేవరకు ఆ జంతువు వాళ్లకు పెద్ద భారం కూడా కాదు. జబ్బు వచ్చిన రోజున మాత్రం కుటుంబం మొత్తం లెక్కలు తారుమారవుతాయి.

నేను ఆటోనగర్‌లో ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా చిట్టి వీధిలో పుట్టిన కుక్క. పోయిన వానాకాలం అది తిండి మానేసింది, ఒళ్లు కాలిపోయింది, రెండో రోజుకు ముక్కులోంచి రక్తం కారింది. మా ప్రాంతంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరు గారు ఎంతో ఓపికగా చూశారు. చిగుళ్లు తెల్లగా పాలిపోవడం చూసి టిక్ ఫీవర్ (గోమార్లు కుట్టడంతో వచ్చే జ్వరం) అని అనుమానించారు. కానీ రక్తపరీక్ష చేసే సౌకర్యం అక్కడ లేదు, బయట చేయించుకు రమ్మన్నారు. బయట చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. రక్తం ఎక్కించాల్సి రావచ్చన్నారు.

కుక్కకు రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? బ్లడ్ బ్యాంకు లేదు. పాతిక కిలోల పైన బరువుండి, టీకాలన్నీ వేయించిన, ఆరోగ్యంగా ఉన్న మరో కుక్క కావాలి. దాని యజమాని ఒప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టి ముక్కూముఖం తెలియనివాళ్లను బతిమాలాం. పెందుర్తి నుంచి ఒకాయన తన లాబ్రడార్‌ను ఆటోలో తీసుకొచ్చారు. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ ఆ మేలు మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు. చిట్టి బతికింది. బిల్లు నా నెల జీతం దాటింది. గొలుసు తాకట్టు పెట్టాం.

ఈ జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా విన్నపమంతా ఇందులోనే ఉంది. విశాఖ సముద్రపు ఊరు, ఏడాది పొడుగునా ఉక్కపోత. గోమార్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. అవి కుట్టినప్పుడు ఎర్లీషియా, బబేసియా లాంటి క్రిములు కుక్క రక్తంలోకి ఎక్కుతాయి. ఎర్లీషియాకు వాడే డాక్సీసైక్లిన్ పాత మందు, చవక మందు. దాదాపు నెల రోజులు క్రమం తప్పకుండా వేస్తే, తొలిదశలో పట్టుకున్న కుక్కల్లో చాలావరకు కోలుకుంటాయి. అంటే ఇక్కడ ప్రాణం తీసేది మందు ఖరీదు కాదు, ఆలస్యం. మొదటిరోజే రక్తపరీక్ష చేసి ఉంటే కొద్దిపాటి ఖర్చుతో పోయే జబ్బు, వారం ఆగితే వేలల్లోకి వెళ్తుంది. ఆ వారం ఎందుకు ఆగుతారు? ఎంత అడుగుతారో అన్న భయంతో. ఆ భయమే పోవాలి. అందుకే బోర్డు మీద ధరలు రాయమని అడిగాను.

క్లినిక్ బెంచీ మీద కూర్చున్నవాళ్ల మాటలు మీరు ఒకసారి వినాలి సార్. "ఏమైంది?" అన్న తర్వాత రెండో ప్రశ్న "మీకు ఎంత చెప్పారు?" అనే. ఒకాయన బల్ల మీద ఉన్న తన కుక్కను రెండు చేతులతో పట్టుకుని, "సార్, ఈ స్కానింగ్ చెయ్యకపోతే ఏమవుద్ది?" అని డాక్టరును అడిగారు. జేబులో ఉన్న డబ్బును పరీక్షకు పెట్టాలా, మందుకు పెట్టాలా అని తేల్చుకోలేక అడిగారాయన. బాగయ్యే జబ్బని తెలిసి కూడా, ఖర్చు భరించలేక శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు. నయంకాని నొప్పితో ఉన్న జంతువును అలా పంపించడం దయ, దాన్ని నేను కాదనను. డబ్బు లేక పంపించడం వేరు. ఇంటికి ఖాళీ గొలుసుతో వెళ్లే ఆ మనిషి బాధను పంచుకునేవాళ్లు కూడా ఉండరు. ఆఫీసులో సెలవు అడగలేడు. ఇరుగుపొరుగు "పోనీలే, ఇంకోటి తెచ్చుకో" అంటారు. ఇంట్లో చిన్నపిల్లలు "నాన్నా, డబ్బుంటే బతికేదా?" అని అడిగితే ఏం చెప్పాలి?

కుక్కపిల్లలకు పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పరిస్థితి ఇంకా దారుణం. వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు, ఒంట్లో నీరంతా పోవడం. దాన్ని నేరుగా చంపే మందు చేతిలో ఉండదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, వేరే ఇన్ఫెక్షన్ సోకకుండా కాపాడుతూ కొన్ని రోజులు నిలబెడితే చాలా పిల్లలు బతుకుతాయి. వదిలేస్తే చాలావరకు చచ్చిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారో వారం వరకు విడతలుగా టీకాలు వేయిస్తే చాలావరకు ఈ బాధే రాదు. ఒక్క టీకా వేయించి పని అయిపోయిందనుకునే వాళ్లకు ఈ సంగతి చెప్పే చోటు కూడా ప్రభుత్వ ఆసుపత్రే కావాలి.

ఇంకో ప్రమాదం ఉంది. డాక్టరు ఫీజుకు భయపడి చాలామంది ఇంట్లో ఉన్న మాత్ర వేస్తారు. పిల్లికి పారాసెటమాల్ విషం. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర దాని ప్రాణం తియ్యగలదు. ఐబూప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ప్రేమతోనే వేస్తారు పాపం.

ప్రైవేటు డాక్టర్లను నేను తప్పుపట్టను. ఎక్స్‌రే మిషను కుక్క కోసం కొన్నా, మనిషి కోసం కొన్నా ధర తగ్గదు. అద్దె, కరెంటు, రాత్రిపూట ఉండే మనుషుల జీతాలు అన్నీ వచ్చే కొద్దిమంది దగ్గరే రాబట్టుకోవాలి. మనుషుల వైద్యంలో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఉద్యోగికి ఇన్సూరెన్సు ఉంది. ఇక్కడ బిల్లు మొత్తం ఒక్క ఇంటి మీదే పడుతుంది. మంచి మనసున్న డాక్టర్లు సొంత డబ్బు వదులుకుని వైద్యం చేయడం నేను కళ్లారా చూశాను. ఒక నగరం మొత్తం వాళ్ల మంచితనం మీద ఆధారపడకూడదు.

మీ శాఖ చేస్తున్న పనులు నాకు తెలియనివి కావు. 2022లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 అంబులెన్సులతో, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య సేవ మొదలైంది. రెండో విడతతో వాటి సంఖ్య 340కి చేరింది. లేవలేని ఆవును లిఫ్టుతో ఎక్కించుకుని వెళ్లే బండి రైతు గుమ్మంలోకి రావడం చిన్న విషయం కాదు. పాడి రైతు కోసం పుట్టిన శాఖ ముందు గేదెను, ఆవును చూడటం న్యాయమే. ఏటా జూలై 6న ఉచితంగా వేసే రేబిస్ టీకా కూడా ఎంతో మంచి పని. కానీ ఊళ్లు నగరాలయ్యాయి. గాజువాకలో, మధురవాడలో ఇప్పుడు పశువుల డాక్టరు కోసం వెతికేవాళ్లలో గేదెలున్నవాళ్లకంటే కుక్కలు, పిల్లులున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఇది జంతుప్రేమికుల గోల మాత్రమే అనుకోవద్దు. వైద్యం చేయించలేక రాత్రిపూట కుక్కను తీసుకెళ్లి హైవే పక్కన వదిలేసేవాళ్లు ఉన్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అలా వదిలెయ్యడం నేరమే, కానీ మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అది ఎవరినీ ఆపదు. అలా వదిలేసిన కుక్క వీధిలో పిల్లలు పెడుతుంది, రోగాలు పంచుతుంది, ఆ తర్వాత వీధి కుక్కల సమస్య అని మనమే అరుస్తాం. కుక్కల ద్వారా మనుషులకు సోకే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు అది. బిల్లుకు భయపడి ఆసుపత్రి మెట్లే ఎక్కని కుటుంబం టీకాకు కూడా రాదు. వైద్యం అందుబాటులో ఉన్నచోటే టీకాలూ సాగుతాయి.

డబ్బులెక్కడివి అంటారా? కొంత దారి ఇప్పటికే ఉంది. మన పక్కనే విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులకు చదువులో భాగంగా ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కేజీహెచ్‌కు ఆంధ్రా మెడికల్ కాలేజీ అండగా ఉన్నట్టే విశాఖ ఆసుపత్రికి గరివిడి కళాశాల అండగా ఉండవచ్చు. వాళ్లకు చేతినిండా అనుభవం, మాకు రాత్రిపూట డాక్టరు. 1903లో మొదలైన చెన్నై పశువైద్య కళాశాల ఆసుపత్రి చాలాకాలంగా అలాగే నడుస్తోంది. కుక్కలకు డయాలసిస్ కూడా చేస్తారక్కడ. స్థోమత ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి 800 కిలోమీటర్లు కారులో వేసుకుని అక్కడిదాకా వెళ్తున్నారు. మిగతావాళ్లం ఎక్కడికి వెళ్లాలి?

మందుల సంగతికొస్తే, 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఔషధి పథకం కింద జెనరిక్ పశువైద్య మందుల కోసం 75 కోట్లు కేటాయించింది. ఆ కౌంటరు ఒకటి ఈ ఆసుపత్రి ఆవరణలోనే తెరిపించండి. కుక్కలకు వాడే మందులు, నులిపురుగుల మాత్రలు, గోమార్ల నివారణ మందులు అందులో ఉండేలా చూడండి. రక్తం ఇవ్వగల కుక్కల వివరాలు, యజమానుల అంగీకారంతో, ఒక రిజిస్టరులో రాసి ఉంచినా ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పెద్ద బిల్లును నెలనెలా కట్టుకునే వీలు కూడా ఇవ్వండి. తాకట్టు కొట్టు దగ్గర నిలబడే పని తప్పుతుంది.

కొత్త భవనం కట్టేదాకా ఆగమని మాత్రం అనకండి. నగరంలో ఇప్పుడున్న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఒకదాన్ని ఎంచుకుని, రక్తపరీక్ష మిషను, ఎక్స్‌రే, రాత్రి డ్యూటీకి ఇద్దరు డాక్టర్లు, నలుగురు సహాయకులతో మొదలుపెట్టండి. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు చేర్చండి. ఈ వానాకాలం లోపు రక్తపరీక్ష ఒక్కటి మొదలైనా టిక్ ఫీవర్‌తో వచ్చే కుక్కల్లో చాలావాటికి సమయానికి మందు అందుతుంది. ఈ విషయం మాట్లాడటానికి మీరు విశాఖ వచ్చినప్పుడు మాకు సమయం ఇస్తే, కాలనీల నుంచి మా బిల్లులు, రిపోర్టులు పట్టుకుని వచ్చి కలుస్తాం.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కుక్క యజమాని,
విశాఖపట్నం