పోలవరం పునాది అంచనాలను కొలతలతో సవరిస్తూ సాగాలి: జలవనరుల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

అయ్యా,

2019, 2020 వరదల్లో పోలవరం డయాఫ్రం వాల్ (డ్యాం కింద నీరు ఊరకుండా నదీగర్భంలోకి దింపిన కాంక్రీటు గోడ) దెబ్బతింది, నదీగర్భంలో ఇసుక కోసుకుపోయి పెద్ద గుంతలు పడ్డాయి. బాధ్యులెవరన్న చర్చ జోలికి నేను పోను. కొత్త డయాఫ్రం వాల్ పనులు 2025 జనవరిలో మొదలయ్యాయి కనుక, దాని మీద లేచే ఎర్త్ కమ్ రాక్‌ఫిల్ డ్యాం, అంటే మట్టి, రాళ్లతో కట్టే ప్రధాన డ్యాం, పునాది గురించిన అంచనాలను కట్ట లేస్తున్నకొద్దీ ఏ పద్ధతిలో సవరిస్తారన్న ఒక్క విషయాన్ని, మట్టి, పునాదుల పనిలో ఉన్న ఇంజనీరుగా మీ ముందుంచుతున్నాను.

గోదావరి అడుగు ఇసుక గట్టిదనమూ, నీటిని వదిలే గుణమూ గజం గజానికీ మారతాయి. దాన్ని తెలుసుకునేందుకు మాకున్న ప్రధాన సాధనాల్లో ఒకటి స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్, అంటే బోరు అడుగున గొట్టాన్ని సుత్తితో దింపి నేల గట్టిదనాన్ని చూసే పరీక్ష. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్లను లెక్కలోకి తీసుకోకుండా, మిగతా 30కి ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకుంటారు. బోరులో నీటిమట్టం చుట్టుపక్కల భూజల మట్టం కంటే కిందికి జారితే చాలు, అడుగున ఇసుక ఉబికి వదులైపోయి, గట్టి నేల కూడా బలహీనమైనదిగా నమోదవుతుంది. ఇలాంటి అంకెల నుంచి సగటు తీసి, దాన్ని ఒకే ఒక్క 'డిజైన్ విలువ'గా నివేదికలో రాసేస్తే, ఆ విలువ వెనుక ఎంత అనిశ్చితి ఉందో పైఅధికారులకు ఎన్నటికీ తెలియదు.

థామస్ బేస్ అనే ఆంగ్లేయ మతాచార్యుని వ్యాసం ఆయన మరణానంతరం 1763లో వెలువడింది. దాని మీద నిలిచిన గణాంక పద్ధతి మనల్ని అడిగేది ఇంతే: ముందుగా ఉన్న అంచనాను దాని అనిశ్చితితో సహా రాసిపెట్టాలి, కొత్త కొలత వచ్చినప్పుడు అది ఎంత నమ్మదగినదో దాన్ని బట్టి పాత అంచనాను సవరించాలి. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. పునాది 50 సెంటీమీటర్లు కుంగుతుందని, ప్రామాణిక విచలనం (అంచనా అటూ ఇటూ ఎంత తప్పవచ్చో చెప్పే కొలమానం) 15 అని డిజైన్ దశలో లెక్క వేశారనుకుందాం. కట్ట కొంత ఎత్తు లేచాక కుంగుదలను కొలిచే సెటిల్మెంట్ గేజ్‌ల కొలతలను బట్టి చూస్తే చివరి కుంగుదల 70 దాకా పోయేలా ఉంది, ఈ లెక్కలో విచలనం 7.5. బరువు విచలనపు వర్గానికి విలోమంగా ఉంటుంది, విచలనం సగమే కాబట్టి రెండో అంచనాకు నాలుగింతల బరువు వస్తుంది కనుక రెండూ కలిపితే 66 సెంటీమీటర్లు, విచలనం 6.7. అనిశ్చితి సగానికి పైగా తగ్గింది, అంచనా మాత్రం చేదు వైపుకే జరిగింది. డ్యాం శిఖరాన్ని ఎంత అదనపు ఎత్తుతో కట్టాలో తేల్చుకోవడానికి ఆ చేదు నిజం కట్ట పూర్తికాకముందే చేతిలో ఉండాలి.

పోలవరంలో ఈ పద్ధతికి పనికొచ్చే సాక్ష్యం ఇప్పటికే ఉంది. పని జరిగే చోటికి నది నీరు రాకుండా కట్టిన ఎగువ, దిగువ కాఫర్ డ్యాంల గుండా సీపేజీ (ఊట నీరు) వచ్చి, మధ్యలో చేరిన నీటిని తోడితే తప్ప పనులు సాగలేదు. ఏ రోజు ఎంత తోడారు, గోదావరి మట్టం ఎంత, నేలలోని నీటి పీడనాన్ని కొలిచే పీజోమీటర్లలో నీరు ఎక్కడుంది అన్న రికార్డు, నదీగర్భం మీద సహజంగా జరిగిన భారీ ప్రయోగమే. ఏ ప్రయోగశాలా అలాంటిది చేయలేదు. అయితే ఊట ఇసుక గుండా వచ్చిందా, జెట్ గ్రౌటింగ్ తెర (సిమెంటు ద్రావణాన్ని నేలలోకి బలంగా చిమ్మి కట్టిన అడ్డు) లోని లోపాల గుండా వచ్చిందా అన్నది మొత్తం నీటి లెక్క ఒక్కదానితో తేలదు. ఈ రెండు తెలియని విషయాలకూ కలిపి సంభావ్యతలు ఇచ్చి, పీజోమీటర్ కొలతలతో వాటిని క్రమంగా విడదీయడం బేస్ పద్ధతికి చేతనైన పని. ఆ రికార్డును ఫైళ్లలో ఉంచేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

దీని పరిమితులు కూడా చెప్పాలి. మన ఊహలోనే లేని బలహీన పొరను ఏ గణనా పట్టివ్వదు. పక్కపక్కనే తీసిన పది బోర్లు పది వేర్వేరు సాక్ష్యాలు కావు. అలా లెక్కిస్తే అబద్ధపు ధీమా వస్తుంది. మొదటి అంచనాను కొలతలు వచ్చాక దిద్దితే పద్ధతి మొత్తం వ్యర్థం. 1969 నాటి రాంకిన్ ఉపన్యాసంలో మట్టి, పునాదుల ఇంజనీరు రాల్ఫ్ పెక్, పరిశీలనా పద్ధతిని (పని సాగుతుండగా కొలతలను బట్టి డిజైన్‌ను సవరించడం) వాడేవారు ప్రతికూల ఫలితం వస్తే ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలన్నారు. ఆ క్రమశిక్షణ లేకుండా సూత్రాలు మాత్రం అరువు తెచ్చుకుంటే లాభం లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రధాన డ్యాం ప్రతి దశకూ ముందు కుంగుదల, నీటి పీడనం, సీపేజీల అంచనాలను వాటి హద్దులతో సహా తేదీ వేసి భద్రపరచమని కాంట్రాక్టులోనే షరతు పెట్టించండి. దశ పూర్తయ్యాక సవరించిన అంచనాను, ముడి కొలతలతో సహా పోలవరం ప్రాజెక్టు అథారిటీ, కేంద్ర జలసంఘం పరిశీలనకు పంపి, ప్రజలకూ అందుబాటులో పెట్టండి. ఏ అంకె దాటితే కట్ట పని ఆపాలో, ఆపమనే అధికారం ఏ ఇంజనీరుదో ఉత్తర్వులో పేర్కొనండి. వరద కాలం ముంచుకొచ్చి, గడువు తరుముతున్న వేళ ఆ ఇంజనీరు మీద ఒత్తిడి పడకుండా ఆ ఉత్తర్వు మీ సంతకంతోనే వెలువడాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సివిల్ ఇంజనీరు