కడియంలో మేపుల్ మొలవదు బావా

ఒట్టావా, కెనడా,
అక్టోబరు, ఆదివారం

బావా,

మొన్న ఫోన్లో "ఆ మేపుల్ విత్తనాలు ఓ గుప్పెడు కవర్లో పెట్టి పంపరా, కడియంలో మొలవని మొక్కంటూ ఉందా" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని ఊరుకున్నా. ఇవాళ బయట సన్నగా వాన పడుతోంది, టీ పెట్టుకుని కూర్చున్నా. తీరిగ్గా రాస్తా, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు కాయ ఎలా ఉంటుందో చెప్పనీ. మీ నర్సరీ వెనక కంచె మీద మాధవీలత ఉండేది గుర్తుందా? ఎండిన కాయ పైకి విసిరితే మూడు రెక్కలతో గిరగిరా తిరుగుతూ దిగేది. మేపుల్ కాయా అంతే, కాకపోతే రెండు కాయలు జంటగా అంటుకుని ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో రెక్క. పండాక విడిపోయి దేని దారిన అది తిరుగుతూ పోతుంది. రెక్క చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూడు, తూనీగ రెక్కలాగా సన్నటి ఈనెలు కనిపిస్తాయి.

మూడేళ్ళ క్రితం మొదటిసారి మా వీధి చెట్టు కింద రాలినవి ఏరుకొచ్చి, మన పద్ధతిలోనే కుండీలో మట్టి పోసి, విత్తి, ఇంట్లో హీటరు పక్కన పెట్టాను. వెచ్చగా ఉంటే త్వరగా మొలుస్తాయనుకున్నా. క్రిస్మస్ దాకా రోజూ నీళ్ళు చల్లాను. ఒక్కటీ పైకి రాలేదు. తవ్వి చూస్తే అన్నీ మెత్తగా నల్లబడి ఉన్నాయి. చాలా బాధేసింది బావా.

తర్వాత పక్కింటి పెద్దావిడ చెప్తే తెలిసింది, నేను చేసినవి రెండు తప్పులు. ఒకటి, అది అసలు ఇక్కడి మేపులే కాదు, యూరప్ నుంచి తెచ్చి వీధుల్లో నాటిన నార్వే మేపుల్. ఇప్పుడు అడవుల్లోకి పాకి ఇక్కడి చెట్లకి చోటు లేకుండా చేస్తోంది. గుర్తుపట్టడం తేలికే: ఆకు కాడ తుంపితే జిల్లేడులాగా పాలు కారితే నార్వే, ఇక్కడిదైన షుగర్ మేపుల్‌కి పాలు కారవు. కాయలో కూడా తేడా ఉంది. నార్వే రెక్కలు బారజాపిన చేతుల్లా అటూ ఇటూ ఉంటాయి, షుగర్ మేపుల్‌వి గుర్రపు నాడాలాగా కిందికి వంగి ఉంటాయి.

రెండో తప్పు వెచ్చదనం. నువ్వు బాగా వినాల్సింది ఇదే. షుగర్ మేపుల్ విత్తనం తడిలో, చలిలో రెండు మూడు నెలలు గడిపితేగాని నిద్ర లేవదు. శరదృతువులో రాలగానే మొలిస్తే ఆ లేత మొలక మంచులో చచ్చిపోతుంది కదా. అందుకని చలి మొత్తం అయిపోయిందని తేలేదాకా లోపలే బిగబట్టుకుని ఉంటుంది. మనం వేడినీళ్ళలో నానబెట్టి లేపే విత్తనాల లెక్క వేరు, దీని లెక్క వేరు.

మరుసటి ఏడు పెద్దావిడ పెరట్లోని షుగర్ మేపుల్ చెట్టు కిందే 40 కాయలు ఏరాను. రెక్కలు తుంచి, గోటితో నొక్కి చూశాను. జంటలో సాధారణంగా ఒక్కదాంట్లోనే గింజ ఉంటుంది, రెండోది తాలు. గట్టిగా తగిలినవి ఉంచి, జిప్ కవర్లో తడిపి పిండిన కొబ్బరి పొట్టులో కలిపి ఫ్రిజ్‌లో కూరగాయల అర కింద పెట్టాను. పొట్టు ప్యాకెట్ ఇక్కడి కొట్లోనే కొన్నా, విప్పగానే మన కోనసీమ వాసనొచ్చింది. ఒకదాన్ని చీల్చి చూశాను, లోపల మడతపెట్టి దాచిన పచ్చటి బుల్లి ఆకులు! బయటికి రాకముందే పచ్చగా ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఓ రాత్రి పాలు తీయబోయి ఎందుకో ఆ కవరు పట్టుకు చూస్తే, పొట్టులోంచి తెల్లటి వేళ్ళు! ఫ్రిజ్ చల్లదనంలోనే మొలిచాయి. షుగర్ మేపుల్ గింజకి మొలవడానికి అన్నిటికంటే బాగా నచ్చేది 1 డిగ్రీ దగ్గరి చలి. బయట మంచు పూర్తిగా కరగకముందే వేరు దింపేస్తుంది. ఆ రాత్రి ఇంట్లో అందర్నీ లేపి చూపించాను.

పదకొండు లేచాయి. మొదట వచ్చిన రెండాకులు పొడుగ్గా నాలుకల్లా ఉన్నాయి, మేపుల్ పోలికే లేదు. రెండు వారాలకి ఆ రెంటి మధ్య నుంచి అసలు ఆకు విచ్చుకుంది, నా చిటికెనవేలి గోరంత. 1965 నుంచి ఈ దేశం జెండా మీదున్న ఆకుకి 11 మొనలు. దీనికి మూడే, అవీ మొద్దుగా. కానీ ఎవరు చూసినా మేపులే అంటారు. నాలుగు మొక్కలు నారుకుళ్ళు తెగులుకి పోయాయి, నువ్వు ఎప్పుడూ చెప్పేదే, నీళ్ళు ఎక్కువ పోశాను. మిగిలినవి ఏడు.

ఆ ఏడింటినీ ఇంట్లో పెట్టుకోవడానికి లేదు. ఏటా ఆకు రాల్చి నిద్రపోవాలి, అదీ దాని బతుకులో భాగమే. కుండీ పైన పెడితే వేరు గడ్డకట్టిపోతుందని, పెరట్లో గొయ్యి తీసి కుండీలతో సహా పాతి, పైన ఎండాకులు కప్పి, ఉడతలు తవ్వకుండా వల వేశాను. ఏప్రిల్లో అన్నీ చిగురేశాయి. ఇప్పుడు జానెడున్నాయి. చెట్టు తియ్యటి రసం కాచి చేసే సిరప్ కోసం గాటు పెట్టాలంటే ఇంకో 40 ఏళ్ళు. పైగా ఒక లీటరు సిరప్‌కి సుమారు 40 లీటర్ల రసం కాచాలి. అది నా పిల్లలకో వాళ్ళ పిల్లలకో.

కాబట్టి బావా, విత్తనాలు పంపను. ఒకటి, పర్మిట్, తెగుళ్ళు లేవన్న సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు మన దేశంలోకి పంపకూడదు, నర్సరీ వాడివి నీకు నేను చెప్పాలా. రెండోది, నీ ఫ్రిజ్‌లో మొలిపించగలవు, నీ చేతి మీద నాకు నమ్మకం ఉంది. కానీ తర్వాతి చలి ఎక్కడి నుంచి తెస్తావు? లంబసింగి అంటావేమో, అక్కడ తెల్లవారుజామున వణికించి ఎండెక్కగానే పోయే చలి. దీనికి నెలల తరబడి వదలని చలి కావాలి. నీ మాట కోసం ఓ మొక్కని గోదావరి ఎండలో నిలబెట్టి చంపడం నాకిష్టం లేదు, నీకూ ఇష్టముండదు. ఎండు కాయలు కాదుగానీ, ఎర్రబడ్డ ఆకుల ఫోటోలు రేపే పంపుతా.

నాకు నీ నుంచి ఒకటి కావాలి. మొన్న రెండు కుండీలు తీసి చూస్తే వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకున్నాయి. నువ్వు మామిడి మొక్కలకి అలా అయినప్పుడు వేరు కత్తిరించి నేలలో పెడతావా, చుట్ట విప్పి పెడతావా? నేల గడ్డకట్టడానికి నెలన్నర కూడా లేదు, త్వరగా రాయి.

అక్కని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావమరిది