వార్షిక నివేదిక: ఈ ఏడాది నిర్వహించిన పిల్లల పశు ప్రదర్శన

మాన్య సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. గత ఉగాది నుండి ఈ ఉగాది వరకు మన తెలుగు సంఘం చేపట్టిన పనులలో తెలుగు తరగతులు, ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలను, జమాఖర్చుల పట్టికను వేరుగా పంపుతున్నాము గనుక ఈ నివేదికను ఈ ఏడాది కొత్తగా తలపెట్టిన పిల్లల పశు ప్రదర్శనకే కేటాయించాము. దీనిని కొనసాగించాలా వద్దా అన్న తీర్మానం సర్వసభ్య సమావేశం ముందుకు రానున్నందున, ఆ రోజు ప్రదర్శనకు రాలేకపోయిన సభ్యులు కూడా జరిగినదంతా తెలుసుకొని ఓటు వేయాలని మా కోరిక.

బెంగళూరులో మన సంఘం సభ్యులు రెండు తెరగుల వారు. ఉద్యోగాల కోసం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి వచ్చి అపార్టుమెంట్లలో స్థిరపడినవారు ఒకరు కాగా, దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్, చిక్కబళ్లాపుర వైపు ఊళ్లలో తరతరాలుగా సేద్యం చేసుకుంటూ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే రైతు కుటుంబాల వారు మరొకరు. ఉగాది విందుకు కూరగాయల బస్తాలు పంపేది ఈ రెండో తెరగు వారే అయినా, మన వేదిక మీద వారి పిల్లలు కనబడడం అరుదు. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం మొదలైన తరువాత ఆ చుట్టుపట్ల పొలాలు లేఅవుట్లుగా మారుతూ రావడం, పొలంతో పాటే పశువుల కొట్టాలు కూడా కరిగిపోవడం మనందరికీ తెలిసినదే. అయినా పశువులను వదలని కుటుంబాలు ఉన్నాయి. వారి పిల్లలకు వచ్చిన విద్యను ఒక రోజు అందరి ముందూ నిలబెట్టాలన్నది అటువంటి ఒక రైతు సభ్యుడు చేసిన సూచన.

పశువుల సంతలు మన చుట్టూ లేకపోలేదు. దొడ్డబళ్లాపుర దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యలో పుష్య మాసపు జాతరకు హళ్లికార్ జాతి ఎడ్ల జతలు బారులు తీరుతాయి. నవంబరులో గాంధీ కృషి విజ్ఞాన కేంద్రంలో, అంటే మనం జీకేవీకే అని పిలిచే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, కృషి మేళా జరుగుతుంది. అయితే ఈ రెండు చోట్లా బేరమాడేదీ మాట్లాడేదీ పెద్దలు; పిల్లల పని పలుపు పట్టుకొని నిలబడడం వరకే. పలుపు పట్టుకున్నవారికే మార్కులు వేసే పద్ధతి అమెరికా పల్లె జిల్లాల ప్రదర్శనలలో ఉన్నదని అక్కడ బంధువులున్న సభ్యులు తెలియజేశారు. 1902లో ఒహాయో రాష్ట్రంలో ఒక బడి పెద్ద ఆరంభించిన బాలల సంఘం తరువాతి కాలంలో ఫోర్ హెచ్ అన్న పేరుతో దేశమంతా పాకింది. ఆ సంఘాల పిల్లలు దూడలను, గొర్రెలను, పందులను తామే పెంచి ప్రదర్శనకు తెస్తారు. అక్కడ ఒక పోటీ పశువు కట్టుబడికి, అంటే ఒంటి తీరుకు, మరొక పోటీ దానిని నడిపించిన పిల్లల నేర్పుకు. ఈ రెండో పోటీయే మన ప్రదర్శనకు ప్రాణం కావాలని కార్యవర్గం నిర్ణయించింది. ఖరీదైన పశువును కొనగలిగిన తండ్రికి బహుమతి ఇవ్వడానికి మన సంఘం అవసరం లేదు.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాము. పశువు విజయదశమి నాటికే ఆ పిల్లల సంరక్షణలోకి వచ్చి ఉండాలి. మేత, నీళ్లు, పేడ తీరు, టీకా, ఖర్చు పిల్లలు తామే తెలుగులో రాసిన పుస్తకం వెంట తేవాలి. కొమ్ములకు రంగు వేయరాదు. పశువుకు 12 అంకెల గుర్తింపు సంఖ్య గల చెవిపోగు (ట్యాగు) ఉండాలి, 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి వేసే గాలికుంటు టీకా పడి ఉండాలి. గొర్రెలకు, మేకలకు పారుడు వ్యాధి (పీపీఆర్) టీకా పడి ఉండాలి. ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడిగారు. 2022లో ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) వ్యాపించినప్పుడు కర్ణాటకలో పశువుల సంతలు, జాతరలే నిలిపివేయవలసి వచ్చిన సంగతి వారికి గుర్తు చేశాము. బండిలో తెచ్చే పశువుకు ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని పశువైద్యుని ధ్రువపత్రం కావాలన్నది మనం పెట్టిన నియమం కాదు, 1978 నాటి పశు రవాణా నిబంధనలలో ఉన్నదే.

సంక్రాంతి దాటిన తరువాత ఒక ఆదివారం దేవనహళ్లి దారిలోని ఒక సభ్యుని మామిడి తోటలో ప్రదర్శన జరిగింది. వచ్చినవాటిలో ఎక్కువ భాగం హళ్లికార్ దూడలు, నెల్లూరు గొర్రెలు, నాటు మేకలు. ఒంగోలు గిత్త గొప్పదనం గురించి, బ్రెజిల్‌లో దాని సంతతి నెల్లూరు పేరుతో నెలోర్ జాతిగా పెరిగి ఆ దేశపు మాంసం వ్యాపారానికి మూలమైన సంగతి గురించి ప్రసంగించని పెద్దలు లేరు గాని, ఒంగోలు పశువును తోలుకొచ్చినవారు మాత్రం ఒక్కరూ లేరు. అపార్టుమెంటు బాల్కనీలో పుంగనూరు దూడను పెంచి పోటీకి తేవచ్చా అని కూడా ఒక ప్రశ్న వచ్చింది. పుంగనూరు ఆవు పెరిగినా సుమారు మీటరు ఎత్తే ఉంటుందన్నది నిజమే, కానీ దానికీ తిరగడానికి నేల కావాలి, మేయడానికి గడ్డి కావాలి. కార్యవర్గం అనుమతించలేదు.

ప్రదర్శన ఎలా నడిచిందో తెలియడానికి అన్ని కుటుంబాల గురించి తలా ఒక వాక్యం రాయడం కన్నా ఒక కుటుంబం గురించి వివరంగా రాయడమే మేలని తోచింది. దేవనహళ్లి వైపు ద్రాక్ష, కూరగాయలు పండించే ఆ ఇంటి నుండి తొమ్మిదో తరగతి చదివే అక్క ఒక హళ్లికార్ కోడెదూడను, ఐదో తరగతి తమ్ముడు మేనమామ మదనపల్లె వైపు నుండి తెచ్చి ఇచ్చిన జోడిపి పొట్టేలును తెచ్చారు. నెల్లూరు గొర్రెలలో తెల్లనిది పల్ల, గోధుమ వన్నెది దొర, తెల్లని ఒంటితో మూతి మీద, కళ్ల చుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి. మన దేశపు గొర్రెలలో ఎత్తుకు పేరుపడ్డ జాతి కావడం వల్ల ఆ పొట్టేలు పిల్లవాడి భుజం దాకా ఉన్నది. వెంట తల్లిదండ్రులు, వారి వెనుక అవ్వ వచ్చారు. కోడెను ఎంచినది అవ్వే.

న్యాయనిర్ణేతగా వ్యవహరించిన విశ్రాంత పశువైద్యులు ముందుగా దూడ వయసు అడిగారు. ఆ అమ్మాయి ఎవరి వైపూ చూడకుండా దూడ కింది పెదవిని వేలితో దించి, ఇంకా అన్నీ పాలపళ్లేనని, రెండేళ్లు నిండే వేళకు ముందరి జత మారుతుందని చెప్పింది. బరువు ఎంత అన్నదానికి తూకం లేకుండానే జవాబిచ్చింది: ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసుకొని, దానిని దానితోనే గుణించి, భుజం మొన నుండి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 50, పొడవు 44 గనుక సుమారు 167 కిలోలు. మేత పుస్తకంలో రాగి చొప్ప, పచ్చిగడ్డి, ఉడికించిన ఉలవలు, ఖనిజ మిశ్రమం తారీఖుల వారీగా ఉన్నాయి. ఉలవల ధర పెరిగిన నెలలో తౌడు మోతాదు పెంచినట్టు, అప్పుడు పేడ పలుచబడినట్టు కూడా రాసి ఉన్నది. ఈ ఒక్క వాక్యం చూసే వైద్యులు పుస్తకం మూసి, నడిపించమన్నారు.

నడక మధ్యలో తోట గేటు దగ్గరి మైకు ఒక్కసారిగా కీచుమన్నది. కోడె బెదిరి వెనుకకు తన్నుకొన్నది. చుట్టూ ఉన్న పెద్దలు ముకుతాడు లాగమని కేకలు వేస్తున్నా ఆ అమ్మాయి లాగలేదు. తాడు కొంత వదులు చేసి, దూడతో పాటే పక్కకు తిరిగి, మైకు దాని కంట పడకుండా తన ఒంటిని అడ్డుపెట్టి, గంగడోలు నిమురుతూ నిలబడింది. దూడ తల దించిన తరువాతనే అడుగు ముందుకు వేసింది. వైద్యులు ఆ పోటీలో ఆమెకు ప్రథమ స్థానం ఇవ్వడానికి కారణం ఇదేనని మార్కుల పత్రంలో రాశారు. ఆ తరువాత ఆ రోజంతా మైకు ఆపివేయించాము.

కట్టుబడి పోటీలో మాత్రం ఆ కోడెకు మూడో స్థానమే దక్కింది. హళ్లికార్‌కు ఉండవలసిన పొడవైన ముఖం, మధ్యలో గాడి పడిన నుదురు, వెనుకకు సాగి మళ్లీ పైకి లేచే కొమ్ములు, బిగువైన ఒళ్లు అన్నీ ఉన్నా, వెనుక కాళ్లు మడమల దగ్గర దగ్గరగా వస్తున్నాయని, కాడి కట్టే వయసులో అది ఇబ్బంది పెడుతుందని వైద్యులు చెప్పారు. ఈ తీర్పు అవ్వకు నచ్చలేదు. దూడ మూపురం వెనుక ఉన్న వెంట్రుకల సుడిని చూపించి, ఇంత మంచి సుడికి మార్కులు ఏవని నిలదీశారు. "అవ్వా, సుడికి మా పట్టికలో గడి లేదు" అని వైద్యులు అంటే, "మీ పట్టికలో లేకపోతే ఘాటిలో కొనేవాడికి కళ్లు ఉండవా అయ్యా?" అన్నారామె. శాస్త్రం వైద్యుల పక్షాన ఉన్నది, సంత ధర అవ్వ పక్షాన ఉన్నది. కార్యవర్గం ఈ తగవులో తలదూర్చలేదు.

తమ్ముడి పొట్టేలు సంగతి వేరు. కట్టుబడిలో అదే మొదటిది. కానీ పుస్తకం పెద్దల చేతిరాతలో ఉన్నందున నిబంధన ప్రకారం మార్కులు తగ్గాయి. వైద్యులు నోటితో అడిగితే మాత్రం పిల్లవాడు తడబడకుండా చెప్పాడు: అవిసె ఆకు ఎంత, సుబాబుల్ ఎంత, గింజలు ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుందని ఎందుకు భయపడాలి, నట్టల మందు ఎప్పుడు తాగించారు. తెలుగులో రాయడం రానందున తాను చెబుతుంటే అమ్మ రాసిందని కూడా అతనే చెప్పాడు. కన్నడ మాధ్యమంలో చదివే రైతు పిల్లలు మన సంఘంలో అనేకులు గనుక వచ్చే ఏడాది నుండి పుస్తకాన్ని కన్నడంలో రాయవచ్చునని, పదేళ్లలోపు వారు నోటితో చెప్పవచ్చునని నిబంధనకు సవరణ ప్రతిపాదిస్తున్నాము.

వేలంపాట విషయంలో కార్యవర్గంలో పెద్ద చర్చే జరిగింది. అమెరికా ప్రదర్శనలలో మాంసం కోసం పెంచిన పశువులను చివరి రోజున వేలం వేయడం ఆనవాయితీ. స్థానిక వ్యాపారులు ఎక్కువ ధర పెట్టి కొని పిల్లల చదువుకు ఊతమిస్తారు. మనమూ అలా చేస్తే రైతు కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తాయని కొందరు, పిల్లల ముందు ఆ మాటే ఎత్తరాదని మరికొందరు వాదించారు. రెండో వాదనతో కార్యవర్గం ఏకీభవించడం లేదు. పెంచిన పొట్టేలు అమ్ముడుపోతుందన్నది రైతు పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. పైన చెప్పిన పొట్టేలును కూడా ఆ కుటుంబం తరువాత అమ్మింది, అమ్మిన ధరను పిల్లవాడు ఖర్చుల పట్టిక దిగువన రాయించుకొని మిగులు లెక్క కట్టించుకున్నాడు. అయినా వేలం వద్దన్నదే మా నిర్ణయం. వేలం ఉన్నచోట చూపంతా బరువు మీదికి పోతుంది, బరువు కోసం చివరి వారాల్లో గింజలు దట్టించడం మొదలవుతుంది, నడిపించే నేర్పు వెనుకబడుతుంది. అమ్మదలచినవారికి సంతలు ఉన్నాయి.

నగరంలోని పిల్లలకు అవకాశం లేదన్న అసంతృప్తి న్యాయమైనదే. దీనికి ఒక రైతు సభ్యురాలు దారి చూపారు: తమ కొట్టంలోని మేకపిల్లలను అపార్టుమెంటు పిల్లలకు అప్పగిస్తామని, వారు వారాంతాల్లో వచ్చి పని చేసి, మిగిలిన రోజుల ఖర్చు భరించాలని. పేడ ఎత్తడం కూడా పనిలో భాగమేనని ఆమె ముందే షరతు పెట్టారు. ఈ పద్ధతిలో పాల్గొనేవారికి వేరే వర్గం ఉండాలి; రోజూ తెల్లవారుజామున లేచి కొట్టంలోకి వెళ్లే పిల్లలతో వారిని ఒకే వరుసలో నిలపడం సబబు కాదు.

సర్వసభ్య సమావేశం ఆమోదానికి పెడుతున్న అంశాలు ఇవి: ప్రదర్శనను ఏటా సంక్రాంతి తరువాత జరపడం, పుస్తకం భాషకు సంబంధించిన సవరణ, నగర పిల్లలకు ప్రత్యేక వర్గం, వేలం లేకుండా ఉండడం, బరిలో మైకు వాడకపోవడం, నీడ పందిరికి, నీళ్ల తొట్లకు ఈసారి కన్నా ఎక్కువ నిధులు కేటాయించడం. తోట ఇచ్చిన సభ్యునికి, రుసుము తీసుకోకుండా రోజంతా ఎండలో నిలబడిన పశువైద్యులకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతున్నది. వచ్చే ప్రదర్శనకు పేర్లు ఇవ్వదలచిన కుటుంబాలు వినాయక చవితి లోపల కార్యదర్శికి తెలియజేస్తే, టీకా వాయిదా దాటిన పశువులకు దసరా ముందే టీకా వేయించే ఏర్పాటు చేయగలము. చెవిపోగు లేని పశువును ఈసారి గేటు నుండే తిప్పి పంపవలసి వచ్చింది. వచ్చే ఏడాది కూడా అదే నియమం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున