ఓటుకు కూడా జామీను కావాలా? – కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలతో వ్రాయునది,

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62(5) సెక్షన్‌ను సవరించాలని కోరుతూ ఇదివరకు మూడు అర్జీలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పడిన కార్డులు మూడూ తిరిగి వచ్చాయి గానీ ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. జైలులో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉన్నవారు, శిక్ష పడకపోయినా సరే, ఓటు వేయకూడదన్న ఆ సెక్షన్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అది మా ఇంట్లో ఏం చేసిందో చెప్పుకోవాలి.

2024 ఫిబ్రవరిలో మా ఊళ్లో పొలం గట్టు దగ్గర జరిగిన కొట్లాటలో ముగ్గురి మీద కేసు పెట్టారు. మా తమ్ముడు ఏ-3, అంటే మూడో నిందితుడు. ముగ్గురి మీదా సెక్షన్లు ఒకటే. ఏప్రిల్‌లో ముగ్గురికీ ఒకే రోజున బెయిలు మంజూరైంది, షరతూ ఒకటే: మనిషికి ఇద్దరేసి జామీనుదారులు, ఇరవై వేల రూపాయల పూచీకత్తు. ఏ-1 తరఫున అతని అన్నలే పట్టాదారు పాసుపుస్తకాలతో కోర్టుకు వచ్చారు, మర్నాటికల్లా అతను ఇంట్లో ఉన్నాడు. ఏ-2 వారానికి వచ్చాడు. మాకు సెంటు భూమి లేదు. మా మేనమామ ఒక జామీను ఇస్తానన్నాడు గానీ, రెండో మనిషి కోసం నేనూ అమ్మా ఎక్కని గడప లేదు. "కోర్టు కాగితాల మీద సంతకమంటే భయం తల్లీ" అన్నవాళ్లను నేను తప్పుపట్టను.

మే 13న పోలింగ్. అంతకు నాలుగు రోజుల ముందు బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వచ్చి మా ఇంటి ఓటరు స్లిప్పులు ఇచ్చి వెళ్లారు. తమ్ముడి స్లిప్పు కూడా వచ్చింది. పేరు, వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాడికి అది మొదటి ఓటు. ములాఖత్‌లో జాలీ అవతల నుంచి వాడు మొదట అడిగిన మాట, "అక్కా, స్లిప్పు వచ్చిందా?" అని. అమ్మ దాన్ని మడతపెట్టి దేవుడి పటం వెనక దాచింది. పోలింగ్ రోజు వరుసలో మాకు ముందు ఏ-1 నిలబడ్డాడు, బయటికి వస్తూ వేలి మీద సిరాను ఊదుకుంటున్నాడు. అతని మీద నాకు కోపం లేదు, ఓటు అతని హక్కు. కానీ న్యాయస్థానం ఇద్దరినీ ఒకేలా చూశాక, ఒకరికి ఓటుండి ఒకరికి లేకపోవడానికి పాసుపుస్తకం తప్ప మరో తేడా నాకు కనిపించడం లేదు. ఆస్తిని బట్టి ఓటిచ్చే తెల్లదొరల కాలపు పద్ధతిని రాజ్యాంగం 326వ అధికరణంతో తుడిచేసిందని మేము బడిలో చదువుకున్నాం.

జూన్‌లో అమ్మతో కూలికి వెళ్లే ఆవిడ భర్త సంతకం పెడితే తమ్ముడు బయటికి వచ్చాడు. అప్పటికి ఫలితాలు కూడా వచ్చేశాయి.

ఇది మా ఒక్కరి బాధ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అదే జైలులో పీడీ యాక్టు కింద, అంటే ముందుజాగ్రత్త పేరుతో, నిర్బంధంలో ఉన్న వ్యక్తికి మాత్రం పోస్టల్ బ్యాలెట్ వేసే వీలుంది. బయట ఉంటే ప్రమాదమని ప్రభుత్వమే లోపల పెట్టిన మనిషికి ఉన్న హక్కు, కోర్టు బయటికి వెళ్లమన్న మా తమ్ముడికి ఎందుకు లేదు?

ఈ సెక్షన్‌ను 1997లో సుప్రీంకోర్టు సమర్థించిందనీ, పోలీసు సిబ్బంది చాలరన్నది అందులో ఒక కారణమనీ నాకు తెలుసు. అదే 2024లో ఎనభై అయిదేళ్లు దాటిన వృద్ధుల ఇళ్లకే సిబ్బంది వెళ్లి ఓటు వేయించుకున్నారు, అది చాలా మంచి పని. అన్ని గడపలు తిరగగలిగినవారికి, గోడల మధ్య ఒకేచోట ఉన్నవారి దగ్గరికి పోస్టల్ బ్యాలెట్లు చేర్చడం అంత కష్టమా? ఓటు వేయలేనివారు పోటీ కూడా చేయకూడదని 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, పార్లమెంటు అదే ఏడాది ఇదే సెక్షన్‌కు సవరణ తెచ్చి పోటీ చేసే హక్కును కాపాడింది. దానివల్లే 2024లో తీహార్ జైలులో విచారణ ఖైదీగా ఉన్న కాశ్మీర్ నాయకుడు ఇంజినీర్ రషీద్ అక్కడి బారాముల్లా నుంచి లోక్‌సభకు గెలవగలిగారు. లోపల ఉండి ఎంపీ కావచ్చు గానీ ఎంపీని ఎన్నుకోకూడదన్న మాటను మా అమ్మకు నేను ఎలా వివరించాలో మీరే చెప్పండి.

శిక్ష పడినవారి సంగతి వేరని అంటారు. వారి గురించి కూడా ఆలోచించమనే అడుగుతాను. దక్షిణాఫ్రికాలో ఖైదీలు ఓటు వేయడానికి ఏర్పాట్లు చేయాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనే ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. మన సెక్షన్‌లోనేమో ఎప్పుడో రద్దయిన ద్వీపాంతరవాస శిక్ష (ఖైదీలను దూర దీవులకు పంపేయడం) ప్రస్తావన ఇంకా అలాగే ఉంది. డెబ్బై ఏళ్లు దాటినా దాన్ని సరిచేసే తీరిక ఎవరికీ దొరకలేదు.

మంత్రి గారూ, ముందుగా విచారణ ఖైదీలకు, మరీ ముఖ్యంగా బెయిలు వచ్చినా జామీను దొరకక లోపలే ఉండిపోయినవారికి, పోస్టల్ బ్యాలెట్ ఇచ్చేలా 62(5)ను సవరించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా తెలపండి. తమ్ముడి స్లిప్పు నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను. అసలుది అమ్మ ఇవ్వనంది.

ఇట్లు,
భవదీయురాలు,
ఏ-3 అక్క