లినక్స్ ఉండగా అప్పు చేసి ల్యాప్‌టాప్ ఎందుకు కొనాలి?

సంపాదకులకు,

లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ల (కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ల) వాడకం పెరుగుతోందని పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివాను. వెంటనే రాద్దామనుకున్నా కుదరలేదు. వార్త వేసినందుకు సంతోషమే, కానీ ఇదంతా కంప్యూటర్ పిచ్చి ఉన్న కుర్రాళ్ల వ్యవహారం అన్నట్టు రాసి వదిలేశారు. అది కాదండీ. ఇది జేబులో డబ్బు లేనివాళ్ల సంగతి.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న నెల్లూరు ఆయన ఉన్నాడు. కూతురు డిగ్రీ మొదటి సంవత్సరం. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ తప్పనిసరి అని కాలేజీ వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ పిల్ల దగ్గరున్నది రిచీ స్ట్రీట్‌లో కొన్న సెకండ్ హ్యాండ్‌ది, ఆరో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. ఆయన నలభై వేలు వడ్డీకి తెచ్చి కొత్తది కొన్నాడు. నాకు తెలిసేసరికే కొనేశాడు. ఇంతా చేసి కాలేజీలో నేర్పేది సీ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు. ఆ రెండూ లినక్స్‌లో హాయిగా నడుస్తాయి, ఆ సంగతి చెప్పాల్సిన మాస్టార్లే చెప్పకపోతే ఇస్త్రీ చేసుకునే మనిషికి ఎలా తెలుస్తుంది?

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లి ఆ పాత దానిలో లినక్స్ మింట్ వేసిచ్చాను. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఉంది, అది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాను, ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై తగిలింది, పాట వినిపించింది, ఆ తర్వాతే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. మడత దగ్గర విరిగి టేపు వేసిన ల్యాప్‌టాప్ అది, ఇప్పుడు ఆ పిల్ల తమ్ముడు దాని మీదే లెక్కలు చేసుకుంటున్నాడు. నేను ఈ ఉత్తరం టైప్ చేస్తున్నది కూడా 2016లో కొని లినక్స్ వేసుకున్న నా పాత దాని మీదే, తెలుగు కీబోర్డు అందులోనే ఉంది, ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రె ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దానితోపాటే వచ్చింది. ప్రింటర్‌తో మాత్రం రెండు సాయంత్రాలు తంటాలు పడ్డాను, అబద్ధం ఎందుకు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద బతికే షాపులవాళ్లకు ఇది అంత తేలిగ్గా కుదరదని కూడా తెలుసు.

ఇంకో మాట. చెన్నైలో ఉండి ఈ వార్త రాస్తూ బాస్ ఊసే ఎత్తలేదేమిటి? భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై వాళ్లు డెబియన్ అనే లినక్స్ రకం మీద కట్టి 2007లో విడుదల చేశారు, తెలుగులోనూ పనిచేస్తుంది. 2011లో మొదలైన తమిళనాడు ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో పిల్లలకిచ్చిన వాటిలో విండోస్ పక్కన అదీ ఉండేది. ఆ పిల్లలకు దాన్ని తెరిచి చూపించినవాళ్లు ఎందరు? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, సరిగ్గా అదే జరిగింది. పక్కనే కేరళలో సర్కారు బడుల పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మనకేం తక్కువైంది?

అధికారుల సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌నే (ఎవరైనా కోడ్ చూసి వాడుకోగల లినక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌నే) ముందు చూడాలని, టెండర్లలో ఆ షరతు తప్పనిసరిగా పెట్టాలని, వద్దనుకుంటే సరఫరా చేసే కంపెనీ కారణం చూపాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. పదేళ్లు దాటింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం. పెన్షన్ పని మీద ఈ మధ్య ఒక కేంద్ర కార్యాలయానికి వెళ్తే వరండాలో సీపీయూలు గుట్టగా పడేసి ఉన్నాయి, పైన టార్పాలిన్ కూడా లేదు, వాన జల్లు నేరుగా వాటి మీదే కొడుతోంది. ఏమైందయ్యా అని అడిగితే "పాతవి సార్, విండోస్ 11 ఎక్కదు" అన్నాడు అక్కడి ప్యూను. మన పన్నుల డబ్బుతో కొన్నవి. వాటిలో సగమన్నా తుడిచి ఏ కార్పొరేషన్ బడికో ఇచ్చి ఉండొచ్చు కదా. జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రె ఆఫీస్‌కి, లినక్స్‌కి మారుస్తామని 2024లో చెప్పింది. మన రక్షణ శాఖే 2023లో ఉబుంటు అనే లినక్స్ రకం మీద కట్టిన మాయా ఓఎస్ వైపు వెళ్లింది. అక్కడ భద్రతకు సరిపోయేది, ఇక్కడ గుమాస్తా ఉత్తరం టైప్ చేసుకోవడానికి సరిపోదా?

మీ విలేకరులను ఒక్క పని చేయమనండి. నగరంలోని కేంద్ర కార్యాలయాలు ఈ ఏడాది కంప్యూటర్ల కోసం పిలిచిన టెండరు కాగితాలు తెప్పించి, 2015 నాటి ఆ షరతు ఎన్నింటిలో ఉందో చూసి, లేని కార్యాలయాల పేర్లు మీ పత్రికలో వేయండి. అలాగే కాలేజీలు పిల్లలకు పంపే ల్యాప్‌టాప్ జాబితాలూ అడగండి.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కొళత్తూరు, చెన్నై