వేలాడే ఫైబర్ తీగలు

సంపాదకునికి,

1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెచ్చింది. ఫోన్ లైన్ మీదే నెట్ కలిపే డయలప్ రోజుల్లో మోడెం కీచుమంటూ కలిసేది. నెట్ వాడినంతసేపూ మా ల్యాండ్‌లైన్ ఎంగేజే. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక సెకనుకు 256 కిలోబిట్ల వేగమే గొప్పగా అనిపించింది. ఇప్పుడు ఫైబర్‌లో 100 మెగాబిట్లు మామూలు.

కానీ మా వీధిలో ఆ ఫైబర్ తీగలు కరెంటు స్తంభాలకు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. గత నెల ఇసుక లారీ తగిలి మాది తెగింది. రూటర్ మీద ఎర్రలైటు నాలుగు రోజులు అలాగే వెలుగుతూ ఉంది. మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్షను ఫోన్ హాట్‌స్పాట్‌తో టెన్షన్ పడుతూ రాసింది. అయినా నెల బిల్లు పూర్తిగా కట్టించుకున్నారు. తీగలను భూమిలోంచి వేయించాలి, నెట్ లేని రోజుల డబ్బు బిల్లులో తగ్గించాలి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం